గుబులు పుట్టించే వాద్యసంగీతం: చెవికి ఏది దొరకకపోతే జంకుతుంది?

రాత్రిపూట పొలం కాడ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి నడిచినవాళ్లకు ఆ గుయ్యిమనే మోత తెలిసిందే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 చక్రాలు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ఒక్కో చక్రానికి రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి, అందుకే మోత 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. వయొలిన్‌కు పెద్దన్న లాంటి చెల్లో ఉంది కదా, దాని లావు వైపు నుంచి రెండో తీగ శ్రుతి 98 హెర్ట్జ్. ఈ రెంటినీ కలిపి వినిపిస్తే నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. పరుగెత్తి వచ్చిన మనిషి గుండె అదిరినట్టు అనిపిస్తుంది. అందులో రాగం లేదు, తాళం లేదు, భయపెట్టే స్వరం అంటూ ఒక్కటీ లేదు. అయినా వింటుంటే వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

పెత్రమాస దగ్గర పడ్డప్పుడో, కాలేజీల వార్షికోత్సవాల కాలంలోనో దేవరకొండ ఖిల్లా మీద, కోయిలకొండ గుట్ట మీద కెమెరాలు పట్టుకుని తిరిగే పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఇక్కడే ఉంది. సీను తీయడం అయిపోతుంది, సంగీతం దగ్గర ఆగిపోతారు. ఒకరు పాశ్చాత్య సంగీతంలో దిగులుగా వినిపించే మైనర్ స్కేలు పెట్టమంటారు, ఒకరు అర్ధరాత్రి రాగం పెట్టమంటారు, ఇంకొకరు 19 హెర్ట్జ్ కలిపితే దయ్యమే వస్తుందంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత పొల్లు ఉంది.

ఉలికిపాటు వేరు, గుబులు వేరు

తలుపు ఢామ్మని కొట్టుకుంటే ఉలిక్కిపడతాం. కన్ను ఆర్పడం సెకనులో ఇరవయ్యో వంతులోపే జరుగుతుంది, ఆలోచనకు చోటుండదు. దీనికి సంగీతం అక్కర్లేదు, ముందు నిశ్శబ్దం ఉండి తర్వాత ఒక్కసారిగా పెద్ద చప్పుడు వస్తే చాలు. మూడోసారికి అది పనిచేయదు.

గుబులు అలా కాదు. ఏదో ఉంది, కానీ ఏమిటో తెలియదు, ఎప్పుడు బయటపడుతుందో తెలియదు. వాద్యసంగీతం దీన్ని పుట్టించే తీరు ఒకటే. చెవి మామూలుగా ఆనుకునే ఆధారాన్ని మెల్లగా తీసేస్తుంది. చెవి ముందు షడ్జమం కోసం, అంటే పాటకంతా ఆధారమైన స కోసం వెతుకుతుంది, తర్వాత అడుగు ఎక్కడ పడుతుందో చూసుకుంటుంది, ఆ చప్పుడు ఎవరిదో, ఎక్కడిదో తేల్చుకుంటుంది. వీటిలో ఒకటి దొరక్కపోతే జంకుతుంది. అన్నీ ఒకేసారి దొరక్కపోతే మాత్రం భయం రాదు, విసుగొస్తుంది. గోల అనుకుని చెవి వినడమే మానేస్తుంది. కొత్త ఎడిటర్లు ఎక్కువగా చేసే తప్పు ఇది: ఆరు భయంకరమైన ట్రాకులు ఒకదాని మీద ఒకటి పేర్చడం.

షడ్జమం మీద నిలబడనివ్వని స్వరాలు

పాశ్చాత్య సంగీతంలో ట్రైటోన్ అనే అంతరానికి దయ్యపు స్వరం అని పేరుపడింది. మన లెక్కలో అది షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ (రెండు మధ్యమాల్లో పైదానికీ) మధ్య దూరం, అంటే ఆరు స్వరస్థానాలు. షడ్జమం 200 హెర్ట్జ్ అనుకుంటే పంచమం 300. రెండూ 2:3 లెక్కన పొందికగా కలుస్తాయి. ప్రతి మధ్యమం 282 దగ్గర పడుతుంది, అంత తేలిక లెక్కలో కుదరదు. చర్చి దీన్ని నిషేధించిందని చెప్పే కథ బాగా తిరుగుతుంది గానీ దానికి ఆధారం లేదు. పాటలో ఎలా వాడకూడదో చెప్పే నియమాలు ఉండేవి, అంతే.

ఫ్రెంచి స్వరకర్త సాఁ-సాఁస్ 1874లో రాసిన దాఁస్ మకాబ్ర్‌లో ఈ అంతరం పని చేయడం స్పష్టంగా వినిపిస్తుంది. మొదట హార్ప్ ఒకే స్వరాన్ని పన్నెండుసార్లు మోగిస్తుంది, అర్ధరాత్రి గంటలన్నమాట. తర్వాత ఒంటరి వయొలిన్. దాని పై తీగను అర స్వరం దించి కట్టమని స్వరకర్త రాశాడు. అందుకే వేలు పెట్టకుండానే రెండు తీగల మీద ట్రైటోన్ పలుకుతుంది. కొయ్య పట్టీల జైలోఫోన్ ఎముకల టకటక, చివర్లో ఓబో వాద్యం కోడికూత. ఇంతా చేసి అది మూడు దెబ్బల నాట్యం, అందుకే భయం కన్నా చిలిపితనమే ఎక్కువ. బడి పిల్లల నాటికకు బ్రహ్మాండంగా సరిపోతుంది, శవం కనిపించే సీనుకు నవ్వులపాలవుతుంది.

చిక్కు ఏమిటంటే, మన కల్యాణి రాగంలోనూ ఉన్నది ఆ ప్రతి మధ్యమమే. కల్యాణి విని భయపడ్డవాళ్లు ఎవరూ ఉండరు. తేడా అంతా తంబురా దగ్గర ఉంది. కల్యాణి పాడేటప్పుడు స-ప-స ఆగకుండా మోగుతూ ఉంటుంది, నేల గట్టిగా ఉంటుంది. ఆ నేల మీద ఎంత వంపు తిరిగినా ఇంటికి చేరతామని చెవికి తెలుసు. భయం స్వరంలో లేదు, ఇల్లు ఎక్కడో తెలియకపోవడంలో ఉంది.

హిందుస్తానీ మార్వా రాగం వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పొద్దుగూకే వేళ రాగం. పంచమం లేదు, షడ్జమాన్ని కావాలని తప్పిస్తూ, రిషభ ధైవతాల చుట్టూ తిరుగుతారు. సారంగి మీదో బాన్సురీ మీదో ఆలాపన వింటుంటే ఎప్పుడు దిగుతాడా అని కాచుకుంటాం. దాదాపు అవే స్వరాలతో మన హంసానందిని మాత్రం భక్తిగా, ఆర్తిగా పాడుకుంటాం. కర్ణాటక సంగీతం నుంచే ఏరుకోవాలంటే వివాది మేళాలు, అంటే స్వరాలు ఇరుకుగా పక్కపక్కన పడే మూల రాగాలు చూడవచ్చు. మేళకర్తలనే 72 మూల రాగాల్లో 40 ఇలాంటివే. మొదటిదైన కనకాంగిలో స, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం మూడూ ఇరుకుగా పక్కపక్కనే కూర్చుంటాయి. వీణ మీద నెమ్మదిగా స-రి-గ మీటి అక్కడే ఆపేస్తే గది ఇరుకైనట్టు ఉంటుంది. శుభపంతువరాళి రాగం చాలామంది సూచిస్తారు గానీ అది ఏడుపు వైపు లాగుతుంది. దుఃఖం వేరు, గుబులు వేరు. ఏడుస్తున్న మనిషి ఎవరో మనకు తెలుసు కదా.

నాట్యశాస్త్రం భయానక, బీభత్స రసాలకు ధైవతాన్ని చెప్పింది. అయితే అది రాగాలకు ముందున్న, జాతులనే ఆనాటి స్వర పద్ధతికి చెప్పిన మాట. ఇప్పటి రాగాలకు అతికించి ధైవతం మీద నిలబడితే చాలనుకోవడం సరికాదు.

అవే స్వరాలు ఇక్కడ దేవుడు, అక్కడ దయ్యం

మాల్‌కౌఁస్ రాగం అర్ధరాత్రి పాడితే ఆత్మలు వస్తాయని ఉత్తరాది విద్వాంసుల్లో ఒక నమ్మకం ఉంది. ఆ రాగానికి మన దగ్గరి రూపం హిందోళం. త్యాగరాజు సామజవరగమన అందులోదే. పెళ్లి పందిట్లో నాదస్వరం మీద అది వినిపిస్తే పీటల మీద ఉన్నవాళ్లు కూడా తలూపుతారు. స్వరాలు అవే, జ్ఞాపకం వేరు.

యూరప్‌లో డీయెస్ ఈరే అనే మధ్యయుగపు చర్చి గానం ఉంది, చనిపోయినవారి ప్రార్థనలో పాడేవారు. దాని మొదటి నాలుగు స్వరాలు మన ఖరహరప్రియ రాగంలో గ-రి-గ-స అవుతాయి. 1830లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన ఫాంటాస్టిక్ సింఫనీ ఆఖరి భాగంలో వాటిని పెట్టాడు, తర్వాత లిస్ట్, రహ్మానినోవ్ అనే స్వరకర్తలు పదేపదే వాడారు. చావు ఇళ్లలో తరాల తరబడి ఆ స్వరాలు విన్న చెవికి వెన్ను జలదరిస్తుంది. పాలమూరు బస్టాండులో టీ తాగుతున్న మనిషికి అది వట్టి గ-రి-గ-స.

మరి భయం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకున్నదా? పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. కామెరూన్‌లోని మఫా ప్రజలకు పాశ్చాత్య సంగీతం అలవాటు లేదు. అయినా ఆ వాద్య ముక్కలు వినిపిస్తే ఏది సంతోషం, ఏది దుఃఖం, ఏది భయం అనేది ఊరికే ఊహించిన దానికన్నా బాగా గుర్తుపట్టారని 2009లో తేలింది. బొలీవియా అడవుల్లోని సిమానె ప్రజలకేమో పొందిక స్వరాలూ పొసగని స్వరాలూ ఒకేలా ఇంపుగా ఉన్నాయని 2016లో ఇంకో బృందం చూపింది. ఈ రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, రెంటినీ పక్కపక్కన పెడితే ఒక దారి దొరుకుతుంది. వేగం, గరుకుదనం, అరుపును పోలిన నాదం బహుశా ఎక్కడైనా పనిచేస్తాయి. మనిషి అరుపులో శబ్దం సెకనుకు 30 నుంచి 150 సార్లు వణుకుతుంది. మాటలో ఆ వణుకు ఉండదు. ఫలానా రెండు స్వరాలు కలిస్తే దయ్యం అనేది మాత్రం చాలావరకు విని నేర్చుకున్న సంగతి. కాబట్టి నల్లగొండ ప్రేక్షకుడికి డీయెస్ ఈరే కన్నా గరుకైన చెల్లో నాదమే నమ్మకమైన పెట్టుబడి.

అడుగు తప్పించే లయ

రహ్మానినోవ్ ఐల్ ఆఫ్ ది డెడ్ అయిదు దెబ్బల లెక్కలో సాగుతుంది, శవపేటిక ఉన్న పడవ తెడ్ల ఊపు అది. యూరప్ చెవికి కుంటినడక. మనకు అది ఖండ చాపు, తకతకిట. మృదంగం నేర్చుకున్న పిల్లవాడు తొడ మీద తాళం వేసుకుంటూ హాయిగా వింటాడు.

అంతకన్నా హంగరీ స్వరకర్త బార్తోక్ 1936లో తీగవాద్యాలకు, తాళవాద్యాలకు, చెలెస్టాకు (చిన్న గంటల్లా మోగే మీటల వాద్యం) కలిపి రాసిన రచనలో మూడో భాగం మేలు. జైలోఫోన్ ఒకే స్వరాన్ని ముందు విడివిడిగా, తర్వాత దగ్గర దగ్గరగా, మళ్లీ విడివిడిగా కొడుతుంది. ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంటుంది, ఎన్ని దెబ్బలో లెక్క అందదు. కింద టింపానీ డోలు నాదం జారుతుంది.

జారే నాదం అనగానే మనవాళ్లకు జమిడిక గుర్తుకొస్తుంది. తోలు నడుమ కట్టిన తంతిని బిగిస్తూ వదులుతూ బైండ్లవాళ్లు మీటుతుంటే నాదం సాగి ఒంగుతుంది. వినే విధానం చూస్తే బార్తోక్ టింపానీకి దగ్గరి చుట్టం. కానీ మన ఊళ్లో అది మోగితే దయ్యం గుర్తుకు రాదు, ఎల్లమ్మ కథ గుర్తుకొస్తుంది. సీనులో పెట్టే ముందు ఈ తేడా చూసుకోవాలి.

ఆ చప్పుడు ఎవరిదో తెలియనప్పుడు

నాకు వీటన్నిటికన్నా బలమైనదిగా తోచేది ఇదే. వయొలిన్ అని గుర్తుపట్టగానే కళ్ల ముందు కుర్చీలో కూర్చున్న విద్వాంసుడు కనిపిస్తాడు, భయం సగం పోతుంది. స్వరకర్త లిగెటి 1961లో రాసిన అట్మాస్ఫియర్స్ మొదట్లో ఆర్కెస్ట్రా అంతా అయిదు స్థాయిలకు (స నుంచి పై స దాకా ఒక స్థాయి) పైగా పరుచుకున్న స్వరాలన్నిటినీ ఒకేసారి, చాలా మెత్తగా పలికిస్తుంది. అంతమంది వాయిస్తున్నారని అనిపించదు, గాలి చిక్కబడినట్టు ఉంటుంది.

ఇంట్లోనే చేసుకోగలిగిన ఉదాహరణ గాజు గ్లాసు. కాడ ఉన్న పల్చటి గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే అది పాడుతుంది. ఈ సూత్రం మీదే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో గ్లాస్ ఆర్మోనికా తయారు చేశాడు. నాదం ఎక్కువగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తేల్చడంలో మన చెవులు బాగా తడబడేది ఆ మేరలోనే. అందుకే ఆ నాదం గది అంతా ఉన్నట్టూ ఉంటుంది, ఎక్కడా లేనట్టూ ఉంటుంది. గ్లాసు పాడకపోతే నూటికి తొంభైసార్లు వేలికున్న నూనే కారణం. వేలు అంచును పట్టి వదిలి పట్టి వదిలి వెళ్తేనే గాజు కంపిస్తుంది, నూనె ఉంటే జారిపోతుంది. సబ్బుతో చేయి కడిగి, ఆ సబ్బు కూడా పోయేలా మళ్లీ కడగాలి. నీళ్లు పోస్తే శ్రుతి దిగుతుంది. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని, ఒకదాంట్లో చెంచాడు నీళ్లు ఎక్కువ పోసి రెండూ కలిపి పలికిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చెల్లో చేసిన పనే ఇవీ చేస్తాయి.

ఇంకో దారి, తెలిసిన వాద్యాన్ని తెలియకుండా చేయడం. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరనే తీసుకోండి, దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన వాద్యం. దాని రికార్డింగును శ్రుతితో సహా సగం వేగానికి తగ్గిస్తే నాదం ఒక స్థాయి కిందికి దిగుతుంది. తంతి మీటిన చురుకు పోయి, పెద్ద ఖాళీ కుండలో ఏదో కదిలినట్టు వినిపిస్తుంది. శ్రుతి మారకుండా వేగం మాత్రమే తగ్గించే బటన్ నొక్కితే ఇది జరగదు, నాదం గరగరమని ముక్కలవుతుంది. వాయించినవారి అనుమతి అడగడం మాత్రం మర్చిపోకూడదు.

19 హెర్ట్జ్ దయ్యం

1998లో విక్ టాండీ అనే ఇంగ్లండ్ ఇంజనీరు ఒక ప్రయోగశాలలో కనిపించిన నీడకు అక్కడి ఫ్యాను పుట్టించిన దాదాపు 19 హెర్ట్జ్ కంపనమే కారణమని రాశాడు. చెవికి అందని ఈ శబ్దం ఒంట్లో కలవరం రేపుతుందనేది వాదన. 2003లో లండన్‌లో ఒక కచేరీలో కొన్ని పాటల కింద 17 హెర్ట్జ్ కలిపి చూశారు. ఏదో వింతగా ఉందన్నవారు కొంత పెరిగారు. ఇవి రుజువు కాదని, వింత ఉంటుందని ఎదురుచూసేవాళ్లకు వింత కనిపిస్తుందని అనుమానించేవాళ్లూ ఉన్నారు.

మన ఇంట్లో మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 380 చుట్లు తిరిగితే రెక్కలు ఒక చోటును సెకనుకు 19 సార్లు దాటుతాయి. ఆ ఒత్తిడి చాలా బలహీనమే అనుకోండి, అయినా దాని కింద ఎన్ని వేసవులు నిద్రపోయామో గుర్తుచేసుకోవచ్చు. అసలు సంగతి వేరే ఉంది: ఫోను స్పీకరు గానీ మామూలు సౌండ్ బాక్సు గానీ 19 హెర్ట్జ్‌ను పలికించలేదు. ఆ పేరుతో ఇంటర్నెట్‌లో దొరికే ట్రాకులో మీకు వినిపించేది వేరే ఏదో.

ఎక్కడ వినిపిస్తారన్నదే సగం ఎంపిక

ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు. చిన్న స్పీకరులో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ మిగలదు. హెడ్‌ఫోనులో గుండె అదరగొట్టిన డ్రోన్, అంటే తంబురాలా ఆగకుండా సాగే నాదం, అక్కడ మాయమవుతుంది. దానికి మందు, అదే డ్రోన్‌ను ఒక స్థాయి పైన ఇంకో ట్రాకుగా నెమ్మదిగా కలపడం. ఊళ్లో వేదిక మీద సంగతి దీనికి తలకిందులు. డీజే బాక్సులు 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర ఉబ్బించి ఉంటాయి, చెల్లో మోత పెళ్లి బరాత్ అయిపోతుంది. అక్కడ గాజు, చెలెస్టా, జైలోఫోన్ లాంటి సన్నని నాదాలే నిలుస్తాయి.

ఎగ్జిబిషన్లలో వేసే దయ్యాల గది లెక్క ఇంకా వేరు. జనం నాలుగు నిమిషాల్లో నడిచి వెళ్లిపోతారు, ఒక్కొక్కరు ఒక్కో క్షణంలో లోపలికొస్తారు. నార్వే స్వరకర్త గ్రీగ్ రాసిన ఇన్ ది హాల్ ఆఫ్ ది మౌంటెన్ కింగ్ అందరూ ఎంచుకుంటారు. దాని బలమంతా రెండున్నర నిమిషాల్లో మెల్లగా మొదలై వేగం పెంచుకుంటూ పేలడంలోనే ఉంది. మధ్యలో వచ్చినవాడికి ముందు పేలుడు, తర్వాత పిల్లి అడుగులు. ఇలాంటి చోట మొదలూ తుదీ లేనిదే పనికొస్తుంది. లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ట్రాకు, పది నిమిషాలకు తగ్గితే టికెట్టు చింపే కుర్రాడికి అతుకు ఎక్కడుందో మొదటి గంటలోనే బట్టీ వచ్చేస్తుంది.

చావు డప్పు పెట్టవచ్చా?

ఈ మాట తరచూ వస్తుంది. మన చెవికి చావును తక్షణం గుర్తుచేసేది డీయెస్ ఈరే కాదు, చావు డప్పే, కాబట్టి అదే వాడాలని కొందరంటారు. అది దయ్యం చప్పుడు కాదని, ఒక మనిషిని సాగనంపే గౌరవమని, దాన్ని భయానికి వాడితే వాయించే కులాలనే తక్కువ చేసినట్టని ఇంకొందరంటారు. రెండో మాటకే ఎక్కువ బరువుందని నాకనిపిస్తుంది. పైగా డప్పు వినగానే గుబులు రాదు, ఎవరు పోయారో అన్న ప్రశ్న వస్తుంది. పోలండ్ స్వరకర్త పెండెరెట్‌స్కీ 52 తీగవాద్యాలకు రాసిన థ్రెనడీ మీదా ఇదే గొడవ ఉంది. మొదట దాని పేరు నిడివి మాత్రమే, 8 నిమిషాల 37 సెకన్లు. తర్వాత హిరోషిమా మృతులకు అంకితమైంది. నాదం పరంగా అంత గరుకైనది అరుదు. ఆ అంకితం తెలిశాక దయ్యం కామెడీ కింద దాన్ని వేయడానికి చేయి రాదు.

పాత సంగీతమే, మరి కాపీరైట్ క్లెయిమ్ ఎందుకొచ్చింది?

స్వరరచన మీద హక్కు వేరు, రికార్డింగు మీద హక్కు వేరు. మన చట్టంలో రచన హక్కు స్వరకర్త పోయాక 60 ఏళ్లు, రికార్డింగు హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు. సాఁ-సాఁస్ 1921లో పోయాడు, రచన ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ 1990లో ఒక ఆర్కెస్ట్రా విడుదల చేసిన రికార్డింగు 2050 చివరిదాకా వాళ్లదే. బార్తోక్ 1945లో పోయాడు, ఇక్కడ గడువు తీరింది, కొన్ని దేశాల్లో లెక్క వేరు. లిగెటి 2006లో, పెండెరెట్‌స్కీ 2020లో పోయారు, వాళ్ల రచనలు ఇంకా హక్కుల్లోనే ఉన్నాయి. అందుకే చేతిలో వయొలిన్ నేర్చుకునే స్నేహితుడుంటే పాత రచనను అతనితో వాయించుకోవడం అన్నిటికన్నా తేలిక. కాస్త అపశ్రుతి పలికినా ఈ పనికి అది లోపం కాదు.

ఒక రెండు నిమిషాల సీను

రాత్రి బోరు మోటరు బందు చేయడానికి ఒక రైతు ఒంటరిగా పొలానికి వెళ్తాడు. మొదటి 20 సెకన్లు సంగీతం వద్దు. కీచురాళ్లు, చెప్పుల చప్పుడు, దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ మోత. ఈ మోతను ఫోనులో రికార్డు చేస్తే నాయిస్ తగ్గించే సౌకర్యం ఆపేయాలి, లేకపోతే నిలకడగా ఉండే ఈ చప్పుడునే అది తుడిచేస్తుంది. కంచె బయట నుంచే చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

20వ సెకను నుంచి 98 హెర్ట్జ్ చెల్లో నాదాన్ని 25 సెకన్లు పట్టేలా పైకి తేవాలి. మాటలుంటే వాటికన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ కిందే ఉంచాలి. త్వరగా తెస్తే సంగీతం మొదలైందని తెలిసిపోతుంది, అది తెలియకూడదు. ఫోనులో చూసేవాళ్లకు కూడా కొంత అందుతుంది, ఎందుకంటే మోతలోనే రెట్టింపు ఎత్తున పలికే 200 హెర్ట్జ్ నాదమూ, చెల్లోలో అలాగే పలికే 196 హెర్ట్జ్ నాదమూ సెకనుకు నాలుగుసార్లు కొట్టుకుంటాయి. 70వ సెకనులో చెల్లో శ్రుతిని 98 నుంచి 106కు అరనిమిషంలో జరపాలి. 100 దగ్గరికి వచ్చినప్పుడు అదురు నెమ్మదించి పూర్తిగా ఆగుతుంది. రైతు స్టార్టర్ డబ్బా తలుపు తెరిచేది ఆ క్షణంలోనే. నాదం 100 దాటగానే అదురు మళ్లీ మొదలై ఈసారి పెరుగుతూ పోతుంది, సెకనుకు ఆరుదాకా.

105వ సెకనులో కరెంటు పోవాలి. మోత, చెల్లో రెండూ ఒకే ఫ్రేములో తెగిపోవాలి. చెల్లోను మెల్లగా తగ్గిస్తూ పోతే సీను చచ్చిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాను, ట్యూబులైటు మోత అన్నీ ఒక్కసారిగా ఆగాకే అవి అంతసేపూ మోగుతున్నాయని తెలుస్తుంది కదా, అలా. మిగిలిన 15 సెకన్లు కీచురాళ్లకే వదిలేయాలి. 110వ సెకను దగ్గర అవి కూడా ఆగిపోతాయి.